యాభై లక్సులు

రాత్రి పదకొండు.
నిచ్చెన మీద నేను, కింద ఖాదర్‌వలీ.
అరచేతిలో లక్స్ మీటరు,
పిల్లికూనను పట్టుకున్నట్టు.
"డెబ్బై రెండు మేడం."
దించు.
"అరవై."
ఇంకా దించు.
"యాభై. ఇంక ఇది లైటు కాదు మేడం,
చీకటికి పెట్టిన బొట్టు."

గంగజాతర వేషాల ప్రదర్శన ఇది.
పదకొండు అద్దాల పెట్టెలు,
నడిమధ్య పెట్టెలో
నగరి మరమగ్గం మీద నేసిన చిలకపచ్చ చీర.
జరీ కాదు, జరీలా మెరిసే ప్లాస్టిక్కు.
కొర్లగుంట ఆటో చెంగల్రాయుడు
మొక్కు తీర్చుకోను ఏటా కట్టిన చీర.

బెంగళూరు నుంచి వచ్చిన బొమ్మకి
భుజాలు చాల్లేదు, నడుం మరీ సన్నం.
దూది చుట్టి చుట్టి ముందు మగవాణ్ణి చేశాం,
ఆ మగవాడికి చీర కట్టి
మళ్ళీ ఆడదాన్ని చేశాం.
రెండుసార్లూ నవ్వుకున్నాం.
మూడోసారి చూస్తే నవ్వు రాలేదు.

"ముందు పోయేది పసుపే" అంది
బట్టలు కాపాడే మనిషి,
చేతి తొడుగులు విప్పుతూ.
వెలుతురుకి ఓర్చుకోలేదట పసుపు.
కొంగు మీద, కుచ్చిళ్ళ మీద
అమ్మవారి పేరున చల్లిన ఆ మరకల కోసం
అన్ని లైట్ల గొంతూ నొక్కుతున్నాను.

యాభై చాలు కంటికి,
కన్ను బయటి ఎండని మరిచిపోతే.
అందుకే వరండాలో మూడు మలుపులు పెట్టాను,
ఒక్కో మలుపుకీ కాస్త మసక.
చెప్పులు విడిచినట్టు
జనం ఎండను విడిచి రావాలని.
ఈ లెక్క నాకు పుస్తకం చెప్పలేదు.
మేడ మీద నిలబడితే
కొండ నల్లగా, ఘాట్ రోడ్డు దీపాలు సన్నగా.
ఎంత తక్కువ వెలుగు చాలునో
దారి ఉందని తెలియడానికి!

పొద్దున్నే వచ్చాడు చెంగల్రాయుడు,
వెనకాల దేశమ్మ.
గుమ్మంలోనే చెప్పులు విడిచారు, ఎవరూ చెప్పకుండానే.
"ఏందమ్మా, కరెంటు పొయ్యిందా?"
లేదన్నా, చీర కోసమే.
"చీరకి వెలుగంటే బయమా?
మే నెల, మిట్టమద్దేనం,
తారు కరిగి కాళ్ళకి అంటుకుంటా ఉంటే
ఆరు గంటలు తిరిగినా దీంట్లో!
పిల్లోల్లు కొబ్బరాకుతో కొట్టినా,
నేను నోటికొచ్చిన బూతులన్నీ తిట్టినా,
చీర కిక్కురుమనలేదే!"

నా దగ్గర జవాబుంది, అంకెల్లో ఉంది.
నోట్లోనే ఉంచుకున్నాను.

దేశమ్మ అద్దం దగ్గరికి పోయింది.
"నువ్వు ఎండకి చూపించింది ఒగ దినం.
మిగతా మున్నూట అరవైనాలుగు దినాలు
యాప్పాకేసి, రేకు పెట్టెలో,
మంచం కింద చీకట్లో పెట్టింది నేను.
ఈయమ్మ చేసేదీ అదే పని.
నోరు మూసుకోని చూడు."

చూశాడు.
కన్ను అలవాటు పడేదాకా చూశాడు.
అప్పుడు దేశమ్మ వేలు చూపించింది.
"ఈ పక్కకి తిప్పు. సంక కింద తెల్లంగా ఉండాదే,
అది గోడకెందుకు తిప్పినారు?
అది ఆయప్ప చెమట. నేను ఉతకలా."
మేము మరకను వెనక్కి దాచాం, నిజమే.
పైగా దానికి లోపం అని పేరు రాసి
ఫారంలో నంబరు కూడా వేశాం.

బొమ్మను తిప్పాం.
పై లైటు తీసేసి
మోకాలి ఎత్తులో ఒకటి, చిన్నది, పక్క నుంచి
నేల మీద పాకే ఎండలా వేశాను.
బట్ట మీద ముడతలన్నీ లేచి కూచున్నాయి.
ఉప్పు అంచు గీతలు గీతలుగా,
ఏడాదికొకటో ఏమో.
ఖాదర్‌వలీ మీటరు పెట్టాడు.
"నలభై ఎనిమిది" అన్నాడు మెల్లగా,
ఇంట్లో ఎవరో పడుకున్నట్టు.

వాళ్ళు వెళ్ళాక మీటరుతో బయటికొచ్చాను.
పన్నెండైంది.
ఆటో సీటు కాలుతోందని
దేశమ్మ కొంగు మడిచి కింద వేసుకుంటోంది.
మీటరు కన్నును ఆకాశం వైపు తిప్పాను.
అంకె పెరిగి పెరిగి
తర్వాత అంకె మానేసి
ఒక్క గీత చూపించింది.